గడప దాకా నడిచొచ్చే ఆనందం



డిసెంబరు వచ్చిందంటే శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల చుట్టుపక్కల పల్లెల్లో రెండు పనులు ఒకేసారి మీదపడతాయి. పొలంలో వరి కోతలు, కుప్పలు, నూర్పులు. ఇంట్లో, గుడిలో క్రిస్మస్ ఏర్పాట్లు. పగలంతా చేలో వంగి పనిచేసిన మనిషే రాత్రి భోజనం కాగానే డోలక్ మెడకి తగిలించుకుని పాటల బృందంతో బయలుదేరతాడు. మర్నాడు తెల్లారకముందే మళ్లీ చేలో ఉంటాడు. నిద్ర ఎప్పుడు పోతావయ్యా అని అడిగితే, "పండగెల్లిపోయాక పడుకుంటాం లెండి" అని నవ్వేస్తాడు. క్రిస్మస్‌కి ముందొచ్చే ఈ రోజులకు క్రైస్తవ సంఘాలు పెట్టుకున్న పేరు ఆగమన కాలం. ఆ కాలపు ఆరాధన గురించి, అందులోని ఆనందం గురించి, ఆ ఆనందాన్ని ఒక తరం నుంచి ఇంకో తరానికి అందిస్తున్న పద్ధతుల గురించి ఈ పూట మాట్లాడుకుందాం.

ముందు లెక్క చూద్దాం. క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాలు ఆగమన కాలపు ఆదివారాలు. మొదటి ఆదివారం నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య ఎప్పుడైనా పడవచ్చు. అందువల్ల ఈ కాలం ఒక ఏడాది 22 రోజులు, ఒక ఏడాది 28 రోజులు కూడా ఉంటుంది. ఆరాధన క్రమాన్ని పాటించే సంఘాలకు కొత్త సంవత్సరం జనవరి ఒకటిన కాక ఈ మొదటి ఆదివారంతోనే మొదలవుతుంది. ఈ నాలుగు వారాలూ కథోలిక గుడుల్లో గురువులు ఊదారంగు వస్త్రాలు వేసుకుంటారు. దేవదూతలు పాడిన మహిమ గీతాన్ని ఆదివారపు పూజలో పాడకుండా ఆపుతారు. మళ్లీ దాన్ని ఎత్తుకునేది క్రిస్మస్ రాత్రే. యెషయా ప్రవక్త గ్రంథం చదువుతారు. దారి సిద్ధం చేయమని ఎడారిలో కేకవేసిన యోహాను గురించి చదువుతారు.

అంటే ఇది మొదట్లో పండుగ కాదు, పండుగ కోసం మనసును ఖాళీ చేసుకునే కాలం. ఐదో శతాబ్దం చివర్లో ఫ్రాన్సులోని తూర్ నగర బిషప్ పెర్పెతువుస్, నవంబరు 11 నుంచి క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజులు ఉపవాసం ఉండమని తన ప్రజలకు చెప్పాడు. తర్వాత తర్వాత ఉపవాసం సడలింది, రోజులు తగ్గాయి, నాలుగు ఆదివారాల పద్ధతి నిలిచింది. అయినా ఊదారంగు మాత్రం మిగిలింది. ఆ నిగ్రహం మధ్యలో ఒక్క ఆదివారం మాత్రం వేరు. మూడో ఆదివారాన్ని లాటిను సంప్రదాయంలో గౌదేతే ఆదివారం అంటారు. ఆ రోజు ఊదా తీసి గులాబీరంగు వస్త్రం వేసుకోవచ్చు. ఆదివారానికొకటి చొప్పున వెలిగించే నాలుగు కొవ్వొత్తుల చక్రంలో మూడోది కూడా గులాబీరంగుదే. ఆ పూట పూజ మొదలయ్యేది సంతోషించమనే పిలుపుతో. ఆ పిలుపు అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు రాసిన ఉత్తరంలోది. పౌలు ఆ ఉత్తరం రాసింది చెరసాలలో కూర్చుని. చేతికి సంకెళ్లున్న మనిషి బయట తిరుగుతున్నవాళ్లకి సంతోషించండని రాశాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకుందాం, మళ్లీ దీనితో పని పడుతుంది.

ఇక మన ప్రాంతానికి వద్దాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల క్రైస్తవుల్లో ప్రధానంగా కనిపించేవి రెండు పాయలు. ఒకటి బాప్తిస్టు పాయ. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు వేసిన పునాది మీద 1870లలో కెనడా బాప్తిస్టు మిషనరీలు వచ్చి భీమిలి, శ్రీకాకుళం, బొబ్బిలి లాంటి చోట్ల కేంద్రాలు పెట్టారు. ఆ సంఘాలన్నీ 1947లో ఉత్తర సర్కారుల బాప్తిస్టు సంఘాల సమాఖ్యగా ఏర్పడ్డాయి. రెండోది కథోలిక పాయ. 1846లో ఫ్రాన్సులోని అన్సీ నుంచి విశాఖపట్నం వైపు వచ్చిన సేల్సు ఫ్రాన్సిసు సభ గురువులు దానికి ఆద్యులు. 1993లో విశాఖ మేత్రాసనం నుంచి శ్రీకాకుళం మేత్రాసనం వేరుపడింది. వీటికి తోడు ఇటీవలి దశాబ్దాల్లో పుట్టిన స్వతంత్ర ప్రార్థన మందిరాలు ఊరూరా ఉన్నాయి.

ఈ పాయలకు ఆగమన కాలం విషయంలో పొత్తు కుదరదు. కథోలికులు రంగుతో సహా లెక్కగా పాటిస్తారు. బాప్తిస్టులకు ఇలాంటి పంచాంగం మొదటినుంచీ లేదు. ఊదారంగు, గులాబీరంగు కొవ్వొత్తుల గురించి మా ఊరి పాస్టరు అయ్యగారిని అడిగితే, "అవి ఫాదర్‌గారి గుడిలోవి బాబూ" అంటారు. కానీ డిసెంబరు నెలలో రెండు గుడుల వాళ్లూ చేసే పని ఒకటుంది. రాత్రిపూట పాట పాడుకుంటూ ఇంటింటికీ వెళ్లడం. పుస్తకంలో పద్ధతులు వేరైనా కాళ్లు మాత్రం ఒకే దారి పట్టాయి. నేను ఈ పూట చెప్పదలచుకున్నదంతా ఆ దారి గురించే. మన ప్రాంతంలో ఆగమన కాలపు ఆనందం ఇంట్లో కూర్చుని అనుభవించేది కాదు. ఇంకొకరి గడప దాకా నడిచి వెళ్లేది. పరంపర చేసే పని ఆ దారి చెరిగిపోకుండా చూడటం.

ఈ నడకకు మూలం లూకా సువార్తలోనే ఉంది. తాను తల్లి కాబోతున్నానని తెలిసిన మరియ ఇంట్లో తలుపేసుకుని కూర్చోలేదు. త్వరత్వరగా యూదయ కొండసీమకు బయలుదేరింది. ముసలితనంలో గర్భం దాల్చి ఆరో నెలలో ఉన్న బంధువు ఎలీసబెతు ఇంటికి వెళ్లి పలకరించింది. ఆ పలకరింపు విని ఎలీసబెతు కడుపులోని బిడ్డ సంతోషంతో గంతులు వేసిందని లూకా రాస్తాడు. మరియ పాట పాడింది అప్పుడే. ఆకలిగొన్నవాళ్లకు కడుపు నిండుతుందని, గద్దెల మీదున్నవాళ్లు దిగిపోతారని ఆ పాట సారం. అంటే క్రీస్తు రాకకు ఎదురుచూస్తూ పాడిన ఆ పాట గుడిలో పుట్టలేదు, చుట్టాలింటి గడపలో పుట్టింది. మూడు నెలలు ఆమె అక్కడే ఉండిపోయింది. కడుపుతో ఉన్న ఆడపిల్లకి పెద్దముత్తైదువ తోడు దొరకడం ఎంత ధైర్యమో మన ఇళ్లలో అందరికీ తెలుసు.

ఈ కథ తెలుగులో అచ్చుకెక్కడానికి కూడా మన తీరానికి సంబంధం ఉంది. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు లండన్ మిషనరీ సొసైటీ తరఫున విశాఖపట్నం చేరారు. తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో సువార్తలు తెలుగు చేయడానికి పూనుకున్నారు. ఇద్దరూ ఎక్కువకాలం బతకలేదు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. వాళ్లు పోయాక 1812లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాలులోని శ్రీరాంపూరు ముద్రణాలయంలో అచ్చయ్యాయి. క్రీస్తు జననం కథ ఉన్నవి మత్తయి, లూకా సువార్తలే. వాళ్ల తర్వాత ఎడ్వర్డు ప్రిచెట్ కొత్త నిబంధనంతా తెలుగులోకి తెచ్చాడు. అది 1818లో మద్రాసులో అచ్చయింది. బెత్లెహేము కథ తెలుగు పుస్తకంగా మారిన తొలి ప్రయత్నాల్లో ఒకటి ఉత్తరాంధ్ర గాలి పీలుస్తూ జరిగింది.

పుస్తకం వచ్చింది సరే, చదవగలిగినవాళ్లు ఎందరు? అక్కడే పాట అవసరం పడింది. ఆ అవసరం తీర్చిన మనిషి కూడా ఈ ప్రాంతపువాడే. పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో ఒక వంగ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఊళ్లు తిరిగి బోధించాడు. కీర్తనలు రాశాడు, పద్యాలు రాశాడు. 1890లో కాలం చేశాడు. ఆయన కీర్తనలు నూరుకు పైనే. త్యాగరాజు బతికున్న రోజుల్లోనే, అదే కీర్తన ప్రక్రియలో, పల్లవి చరణాలతో, రాగతాళాలతో ఒక తెలుగు క్రైస్తవుడు పాటలు కడుతున్నాడంటే ఆలోచించండి. పియానో, ఆర్గన్ ఉన్న దేశాల నుంచి మిషనరీలు తమ పాటలు తెచ్చారు. వాటి అనువాదాలూ మన గుడుల్లో ఉన్నాయి. కానీ చౌదరి తీసుకున్నది మన భజన గోష్ఠి పద్ధతి. ఒకరు అందిస్తే పదిమంది అందుకుంటారు. పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది. అక్షరం రాని తల్లి మూడోసారికి పాట పట్టేస్తుంది.

ఇప్పటికీ 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం తెరిస్తే చాలా పాటల నెత్తిన రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి. బాప్తిస్టు, లూథరన్, దక్షిణ ఇండియా సంఘం అన్న తేడా లేకుండా ఆ పుస్తకం అందరి చేతుల్లోకీ వెళ్లింది. మన పేటల్లో పెద్దవయసు అమ్మలను చూడండి. కొందరికి సంతకం పెట్టడం రాదు. కానీ క్రీస్తు ఎవరు, ఎందుకు పుట్టాడు, మనకి ఏం చేశాడు అని అడిగితే పాటలోంచి జవాబు చెబుతారు. వాళ్ల వేదాంత పాఠశాల ఆ కీర్తనలే. ఆర్.ఆర్. సుందరరావు అనే పరిశోధకుడు తెలుగు క్రైస్తవ కీర్తనల్లోని భక్తి తత్వం మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. పండితుడికి పరిశోధన అయింది, పల్లెటూరి తల్లికి నోటికొచ్చిన పాట అయింది. రెండూ ఒకే కీర్తన.

పాటల బృందం నడక చూడని శ్రోతల కోసం కొంచెం చెబుతాను. సాధారణంగా డిసెంబరు రెండో వారం నుంచి మొదలవుతుంది. ఏ రాత్రి ఏ వీధి అన్నది ముందే అనుకుంటారు. ముందు వెదురు బద్దలతో కట్టి, రంగు కాగితం అంటించిన నక్షత్రం నడుస్తుంది. ఒకప్పుడు పక్కన పెట్రోమాక్సు లైటు నడిచేది, ఇప్పుడు నక్షత్రంలోనే బల్బులు వెలుగుతున్నాయి. వెనక డోలక్, తాళాలు, కంజిర. ముసుగు వేసుకున్న క్రిస్మస్ తాత, అతని చుట్టూ పిల్లలు. ఇంటి ముందు ఆగి రెండు పాటలు పాడతారు. పాస్టరుగారు ఆ ఇంటి కోసం ప్రార్థన చేస్తారు. మంచం పట్టిన పెద్దాయన ఉంటే ఆయన పేరు, పరీక్షలకి చదివే పిల్ల ఉంటే ఆ పిల్ల పేరు ప్రార్థనలో రావలసిందే. ఇంటివాళ్లు టీ ఇస్తారు, జంతికలు పెడతారు, కానుక వేస్తారు. ఏదైనా ఇల్లు పొరపాటున తప్పిపోతే మర్నాడు బావి దగ్గర నిలదీస్తారు, "ఏటమ్మా, మా ఇల్లు కనపడనేదేటి?" అని. ఆ కోపంలో ఎంత హక్కుందో చూడండి. పాట తన గడపకి రావడం ఒక మర్యాద. రాకపోతే అవమానం. ఈ లెక్క ఏ పుస్తకంలోనూ రాసి లేదు. అయినా అందరికీ తెలుసు.

ఎచ్చెర్ల మండలానికి ఒకపక్క జాతీయ రహదారి, ఇంకోపక్క సముద్రం. రహదారి పక్కన 2008లో ఏర్పడిన అంబేద్కర్ విశ్వవిద్యాలయం. సముద్రం వైపు కుప్పిలి, బుడగట్లపాలెం లాంటి ఊళ్లు. రెండు పక్కలా ఎదురుచూపు అలవాటైన మనుషులే. బయట రాష్ట్రాల్లో పనికి పోయిన కొడుకు ఏ రైలుకి దిగుతాడోనని ఒక ఇల్లు చూస్తుంది. వేటకెళ్లిన పడవ ఎప్పుడు ఒడ్డుకొస్తుందోనని ఇంకో ఇల్లు చూస్తుంది. ధాన్యం ఎప్పుడు కొంటారో, డబ్బులు ఎప్పుడు పడతాయోనని రైతు చూస్తాడు. అందుకే ఎదురుచూపు గురించి గుడిలో ఎవరైనా బోధిస్తే ఇక్కడివాళ్లకి వివరణ అక్కర్లేదు. వాళ్లకి కావలసింది ఎదురుచూసే రాత్రి పక్కన కూర్చునే మనుషులు. పాటల బృందం ఇచ్చేది అదే.

ఇక్కడ లోకంలో మరో చోటి సంగతి చెప్పాలి. ఫిలిప్పీన్స్ దేశంలో డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజులు తెల్లవారుజామునే పూజలు జరుగుతాయి. సింబాంగ్ గాబీ అంటారు. పొలానికి వెళ్లే రైతులు ముందు గుడికి వచ్చి, తర్వాత పనికి పోవడానికి వీలుగా ఆ వేళ పెట్టారని చెబుతారు. మన దగ్గరా సరిగ్గా ఆ రోజుల్లోనే ధనుర్మాసం మొదలవుతుంది. ఒక వీధిలో హరిదాసు చిడతలు, ఇంకో వీధిలో తెల్లార్లూ తిరిగి ఇంటికి మళ్లుతున్న క్రిస్మస్ బృందం. ఎవరి పాట వాళ్లది, ఎవరి దేవుడు వాళ్లకి. కానీ చలికాలపు చీకట్లో లేచి ఇంటింటికీ పాట మోయడం మన ఊళ్లకు కొత్త కాదు. క్రైస్తవుల పాటల నడక ఇక్కడ అంత సులువుగా వేళ్లూనడానికి అదీ ఒక కారణం అనుకుంటాను.

ఇందాక చెప్పిన నాలుగు కొవ్వొత్తుల చక్రం పేదపిల్లల వల్లే వచ్చింది. 1839లో జర్మనీలోని హాంబర్గులో యోహాన్ హిన్రిక్ విఖెర్న్ అనే పాస్టరు అనాథ పిల్లల ఆశ్రమం నడిపేవాడు. క్రిస్మస్ ఎప్పుడొస్తుందని పిల్లలు రోజూ అడుగుతుంటే, ఒక బండిచక్రం తెచ్చి దాని మీద ఆదివారాలకు పెద్ద కొవ్వొత్తులు, మామూలు రోజులకు చిన్నవి పెట్టి రోజుకొకటి వెలిగించాడు. లెక్క నేర్చుకున్నట్టూ అయింది, వెలుగు పెరుగుతున్నట్టూ కనిపించింది. ఆ చక్రానికి చుట్టే ఫర్ కొమ్మలు మనకి దొరకవు. మన తీరంలో సరుగుడు తోటలున్నాయి, సరుగుడు కొమ్మే మన క్రిస్మస్ చెట్టు. పరంపర అంటే పెట్టెలో దాచిన వస్తువు అనుకునేవాళ్లు దీన్ని గమనించాలి. వచ్చిన ప్రతిచోటా అది అక్కడి కొమ్మనీ, అక్కడి రాగాన్నీ పట్టుకునే బతికింది.

లోకమంతా క్రిస్మస్‌కి ఉత్సాహంగా పాడే ఒక ఆంగ్ల గీతం ఐజాక్ వాట్స్ 1719లో రాసినది. తెలుగులోనూ పాడుకుంటాం. దానికి ఆధారం బైబిలులోని 98వ కీర్తన. ఆ గీతంలో తొట్టి లేదు, గొల్లలు లేరు, నక్షత్రం లేదు. భూమిని పాలించడానికి రాబోయే ప్రభువు గురించి రాశాడాయన. ఆగమన కాలానికి రెండు చూపులుంటాయి. ఒకటి జరిగిపోయిన పుట్టుక వైపు, రెండోది ఇంకా జరగవలసిన న్యాయం వైపు. మరియ పాటలో ఆకలిగొన్నవాళ్లు ఉన్నది అందుకే. మన సంఘాల్లో అన్నం వండే ముందు గుప్పెడు బియ్యం తీసి పక్కనపెట్టి, ఆదివారం గుడికి తెచ్చే తల్లులున్నారు. కూలి దొరికిన రోజూ తీస్తారు, దొరకని రోజూ తీస్తారు. ఆ బియ్యం ఎవరో ఒకరి పొయ్యి మీదకి వెళుతుంది. నా దృష్టిలో ఆగమన కాలపు ఆరాధనలో ఊదారంగు వస్త్రానికి ఎంత అర్థముందో ఆ గుప్పెడుకీ అంతే ఉంది.

ఇందాక పౌలు చెరసాల గుర్తుపెట్టుకోమన్నాను. అన్ని డిసెంబర్లూ ఒకలా ఉండవు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన జిల్లాలోని ఉద్దానం మీద విరుచుకుపడింది. దశాబ్దాలు పెంచిన కొబ్బరి, జీడి తోటలు ఒక్క తెల్లవారుజామున నేలకొరిగాయి. ఆ ఏడాదీ క్యాలెండరులో ఆగమన కాలం వచ్చింది. తుపాను లేని ఏళ్లలోనూ ప్రతి ఊళ్లో ఏదో ఒక ఇంట్లో మనిషి పోయి ఉంటాడు. మన తెలుగు ఇళ్ల ఆనవాయితీ ప్రకారం ఆ ఇంటికి ఏడాది దాకా పండగ లేదు. అయినా పాటల బృందం ఆ గడప దాటిపోదు. డోలక్ ఆపి, గొంతు తగ్గించి ఒక కీర్తన పాడి, ప్రార్థన చేసి కదులుతుంది. ఆ ఇంటావిడ పాడకపోవచ్చు. పాడమని ఎవరూ అడగరు. ఆమె తరఫున మిగతావాళ్లు పాడతారు. వచ్చే ఏడు ఇంకెవరి తరఫునో ఆమె పాడుతుంది. ఆనందం మనసులో పుట్టే దాకా ఆగితే చాలామందికి చాలా ఏళ్లు పాటే ఉండదు. పరంపర మనసు కోసం ఆగదు. తేదీ వచ్చింది, వీధి వచ్చింది, పాట వచ్చింది అంటుంది. సంకెళ్లతో ఉన్న మనిషి సంతోషించమని రాయగలగడం వెనక ఉన్న బలం ఇలాంటిదేనని నాకనిపిస్తుంది.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ మధ్య మన ఊళ్లలో పండుగకు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్ వేడుకలు నవంబరు చివర్లోనే మొదలవుతున్నాయి. పిల్లలు ఒక చోట, యువకులు ఇంకో చోట, ఆఫీసువాళ్లు వేరేచోట. డిసెంబరు 25 వచ్చేసరికి కేకు తిని తిని మొహం మొత్తుతోంది. ఒక గుడి మైకుకి పోటీగా ఇంకో గుడి మైకు. పక్కింటి పసిబిడ్డ నిద్ర, పరీక్షకి చదివే పిల్లాడి గోడు ఎవరికీ పట్టదు. పాట కూడా మారింది. పెన్‌డ్రైవులో సంగీతం, దాని మీద ఒకరిద్దరి గొంతు, మిగతావాళ్లు వినడం, ఫోనులో వీడియో తీయడం. ఈ కొత్త పాటలన్నీ చెడ్డవని నేననను. వాటిలో బాగున్నవి ఉన్నాయి. కానీ వినేవాళ్లు పెరిగి పాడేవాళ్లు తగ్గితే ఆనందం వేదిక మీద కొందరి సొత్తవుతుంది. చౌదరి కీర్తన బలం అందరూ అందుకోవడంలో ఉంది. ఊదారంగు పద్ధతి బలం, పండుగను పండుగ రోజు దాకా ఆపి ఉంచడంలో ఉంది. ఈ రెండింటినీ పాతకాలపు చాదస్తమని పక్కనపెడితే మిగిలేది చప్పుడు.

కాబట్టి ఈ ఆగమన కాలంలో చేయదగినవి రెండు మూడు మనవి చేసి ముగిస్తాను. సండే స్కూలు పిల్లలకు ఒక్క కీర్తనైనా పుస్తకంలో ఉన్న రాగంలో, పెద్దవాళ్ల దగ్గర కూర్చోబెట్టి నేర్పించండి. ఆ రాగం తెలిసిన అమ్మలు మన పేటల్లో ఇంకా ఉన్నారు, వాళ్లు ఉండగానే ఆ పని కావాలి. ఊరేగింపు దారి వేసుకునేటప్పుడు ముందుగా రాయవలసిన పేర్లు మనిషి పోయిన ఇల్లు, మంచం పట్టిన ఇల్లు, పనికోసం వలసపోయినవాళ్ల తల్లిదండ్రులు ఒంటరిగా ఉన్న ఇల్లు. మైకు లేకుండా ఒక రాత్రి తిరిగి చూడండి. విశ్వవిద్యాలయం హాస్టళ్లలో ఇంటికి దూరంగా ఉన్న పిల్లలు, కథోలిక గుడివాళ్లు, బాప్తిస్టు గుడివాళ్లు ఒక రాత్రి కలిసి తిరిగితే ఇంకా మంచిది. పుస్తకాల్లో తేడాలు పెద్దలు తీరిగ్గా మాట్లాడుకుంటారు, పాట కోసం ఆ తేడాలు తేలేదాకా ఆగనక్కర్లేదు. సెమీ క్రిస్మస్‌లు నాలుగు పెట్టేచోట ఒకటి తగ్గించి, ఆ ఖర్చు గుప్పెడు బియ్యంలో కలపండి.